అతుకు వేసిన గిటారు

అగ్గిపెట్టె పక్కన గరుకుగా ఉండే మందు పట్టీ మీద యోసేపు కుడిచేతి ఉంగరపు వేలి గోరుని ముందుకీ వెనక్కీ రాస్తున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు అప్పటికే అయిపోయాయి. చిటికెనవేలికి ఈ వైభోగం లేదు. గిటారు మీద దానికి పని లేదు కనుక దాని గోరుని ఎడమచేతి గోళ్ళతో పాటే చర్మం దాకా కత్తిరించేస్తాడు. అరగదీసిన ప్రతి గోరునీ పై పెదవి మీద ఒకసారి రాసుకుని చూస్తాడు. ఏ మాత్రం గరుకు తగిలినా మళ్ళీ అగ్గిపెట్టె అందుకుంటాడు. పొయ్యి ముందు కూర్చున్న అతని భార్య హన్నమ్మ, అటు తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాచి రెండుసార్లు ఆడించింది.

"ఆ పెట్టె ఇటిస్తే పొయ్యి వెలిగిస్తా. పుల్లలకేం, బోలెడున్నాయి. గీయడానికి మందంటూ మిగిలితేగా!"

"ఒక్క నిమిషమే."

"నిమిషం నిమిషం అంటూనే పన్నెండేళ్ళయింది. అగ్గిపెట్టెల కంపెనీవాడికి తెలిస్తే వెతుక్కుంటూ వచ్చి నీ మెళ్ళో దండేస్తాడు."

యోసేపు ఆ గోరుని కూడా పెదవి మీద రాసి చూసుకున్నాడు. నలభై మూడేళ్ళ మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి, ఎవరో పిలిస్తే ఆగి చూస్తున్నట్టు ఉంటాడు. తిరువూరు మిషను స్కూల్లో అటెండరు. గంట కొట్టడం, నీళ్ళ కుండలు నింపడం, హాజరుపట్టీలు క్లాసు క్లాసుకీ మోయడం, హాస్టలు వంటగది తాళాలు చూసుకోవడం అతని పనులు. ఈ పనులన్నిటినీ అతను నాలుగు గోళ్ళకి దెబ్బ తగలకుండా సర్దుకున్నాడు. గంట ఎడమచేత్తో కొడతాడు. గడియ ఎడమచేత్తో తీస్తాడు. అన్నం దగ్గరే చిక్కు వచ్చింది. ఎడమచేత్తో తింటే హన్నమ్మ ఊరుకోదు. కుడిచేత్తో కలిపితే ఆవకాయ కారం గోళ్ళ కింద చేరి మధ్యాహ్నం దాకా మండుతుంది. అందుకని చెంచా పట్టాడు. ఆ చెంచాని చూసి పేటలో వాళ్ళు, ఫాదరుగారి దగ్గర మసిలి మసిలి వీడికి దొరతనం ఒంటబట్టిందన్నారు. దొరతనం కాదు, గోళ్ళ కోసమని చెప్పుకోవడం ఇంకా అప్రతిష్ఠ అనిపించి, యోసేపు దొరతనాన్నే ఒప్పేసుకున్నాడు.

గోళ్ళు అయ్యాక మేకుకి వేలాడుతున్న గిటారుని దించాడు. ఎర్రచేవ రంగులో, బరువుగా, పెళ్ళికొడుకు బూట్లలా నిగనిగలాడే గిటారు. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎడమపాదాన్ని సుద్దముక్కల పెట్టె మీద ఎత్తి పెట్టి, ఎడమ తొడ మీద దాన్ని ఆనించుకున్నాడు. రోజూ వాయించేదే వాయించాడు. ఒక్కొక్క తీగా ఒక్కొక్క గోటికి దొరికి, విడివిడిగా, తేటగా, తప్పు లేకుండా పలికింది. హన్నమ్మ పొయ్యి ఊదింది, ఎసరు పెట్టింది, పిల్లిని తోలింది. వాయిద్యం మొదలైనప్పుడూ ఆగినప్పుడూ ఆమె చేతుల్లో ఏ మార్పూ లేదు.

అది డెబ్బై నాలుగు జూలైలో ఒక మంగళవారం. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటల బస్సుకి కళాయి నబీ పెళ్ళాం పిల్లలతో బెజవాడ వెళ్ళిపోతున్నాడు. తిరువూరులో గిటార్లు రెండే ఉన్నాయి. ఒకటి యోసేపుది, ఒకటి నబీది. రేపట్నుంచి ఒకటే ఉంటుంది. కోరుకున్నదే జరుగుతున్నప్పుడు మనిషికి ఆకలి బాగా వేయాలి. యోసేపు రెండు చెంచాల చద్దన్నం తిని లేచాడు.

*

ఆ రెండు గిటార్లనీ తిరువూరు తెచ్చింది ఎన్రికే ఫాదరు. స్పెయిను దేశపాయన. తెలుగు బాగానే నేర్చాడు గాని ఒత్తులన్నీ దారిలో ఎక్కడో పారేసుకునేవాడు. ఆయనకి ఎర్రచేవ గిటారు గురుకులంలో ఒక మేష్టారు నేర్పాడు. రెండోదాన్ని, గుర్రాలకి నాడాలు కొట్టే మేనమామ నేర్పాడు. "దీనితో పాట వాయిస్తారు, యోసేపూ. దానితో పాడేవాడి వెనకాల పరుగెత్తుతారు," అనేవాడు. పరుగెత్తడం యోసేపుకి చిన్నప్పట్నుంచీ నచ్చదు. అందుకని మొదటిదే నేర్చుకున్నాడు. కాగితం మీద స్వరాల చుక్కలు చదవడం, వీపు నిటారుగా పెట్టడం, ఒక తీగ మోత పక్క తీగకి అంటకుండా చూడడం. మొదటి పాట తప్పు లేకుండా రావడానికి మూడేళ్ళు పట్టింది. మూడేళ్ళూ ఫాదరు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, అదే అనుమానించాల్సిన సంగతి. ఆశ ఉన్నచోటే విసుగు వస్తుంది.

నబీ ఆ తర్వాత వచ్చాడు. వచ్చింది గిటారు కోసం కాదు, హాస్టలు వంట గుండిగల లోపల తగరం కరిగించి కళాయి పూయడానికి. పెరట్లో చిన్న గుంట తీసి, గాలి కొట్టే తోలుతిత్తి బిగించి, బొగ్గులు రాజేశాడు. ముందు ఇత్తడి గుండిగలో ఇసుకా బూడిదా పోసి, లోపల నిలబడి, గోడ పట్టుకుని, నడుము అటూ ఇటూ తిప్పుతూ పాదాలతో తోమడం మొదలుపెట్టాడు. అరుగు మీద ఎన్రికే ఫాదరు రెండో గిటారు వాయించుకుంటున్నాడు. కాసేపటికి వాయించడం ఆపి, నబీ పాదాల వంకే చూశాడు. తర్వాత లేచి వెళ్ళి, గుండిగలో ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఉంచి, గిటారు వాడి చేతికిచ్చాడు.

యోసేపు వాయించే పాటల తాళానికి లెక్క ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ ఒకటి. ఆ రెండో గిటారు లెక్క పన్నెండు. అందులో మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు దగ్గర గట్టిగా దెబ్బ పడాలి. మొదట రెండు పొడుగు అంగలు, ఆ తర్వాత మూడు పొట్టి అంగలు. ఇరవై ఏళ్ళుగా స్కూలు గంట కొట్టే మనిషికి ఈ లెక్క ఎంతకీ కొరుకుడు పడలేదు. ఎనిమిది దగ్గర అంత తొందరేమిటో, పన్నెండు దాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టడమేమిటో! నబీ అసలు లెక్కే పెట్టలేదు. "గుండిగలో తిరిగేటప్పుడు అట్టాగే తిరుగుతాం గదన్నా," అన్నాడు. ఆరు నెలల్లో వాడు పిడికిలి బిగించి, వేళ్ళు ఒకదాని వెనక ఒకటి విసనకర్రలా విప్పుతూ, తీగలన్నిటి మీదా ఒకే ఊపున జల్లుమనిపించడం నేర్చాడు. మధ్య మధ్య గోళ్ళతో చెక్క మీద టకటకా కొట్టేవాడు. బొటనవేలు పైకీ కిందకీ కోడిపెట్ట ముక్కులా ఆడేది. కుడికాలు ఎడమకాలి మీద వేసుకుని, టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నట్టే కూర్చునేవాడు. తీగలు చెక్కకి తగిలి బుర్రుమనేవి. అది తప్పని యోసేపు చెప్పాడు. అది అలాగే ఉండాలని ఫాదరు చెప్పాడు.

అరవై ఎనిమిదిలో ఫాదరుని వాళ్ళ దేశానికి పిలిపించారు. వెళ్ళేముందు ఇద్దరినీ పిలిచి, "యోసేపూ, నువ్వు ముందు వచ్చావు. నీకు ఏది కావాలో నువ్వే తీసుకో," అన్నాడు.

యోసేపు రెండిటినీ బల్ల మీద పెట్టించి, ఎద్దుల్ని బేరం చేసేవాడు చూసినట్టు చూశాడు. ఎర్రది బరువుగా ఉంది, తీగలు బిగించడానికి మెరిసే ఇనప మరలున్నాయి. రెండోది పాలిపోయిన పసుపురంగు. చేటంత బరువు లేదు. బిగించడానికి వీణకున్నట్టు చెక్క బిరడాలు, వాటిని ఉమ్మి తడి చేసి తిప్పాలి. పైగా చెక్క మీది గుండ్రటి నోటి కింద అరచేయంత తెల్లరేకు అంటించి ఉంది. అతుకు. ఎప్పుడో పగిలితే వేసి ఉంటారు. అతుకులు వేసే కళాయివాడికి అతుకు వేసిన గిటారే తగుననుకుని, యోసేపు ఎర్రదాన్ని తీసుకున్నాడు. ఫాదరు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. నబీ మాత్రం పసుపుదాన్ని చంకలో పెట్టుకుని, "మంచిదే ఇచ్చావన్నా," అన్నాడు.

ఏడాది తర్వాత ఫాదరు దగ్గర్నుంచి తెలుగులో ఉత్తరం వచ్చింది. అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. "నబీ తెల్లరేకు మీద బాగా కొడుతున్నాడా? చెక్క మీద గోటి దెబ్బలు పడతాయని మా ఊళ్ళో ఆ గిటారుకి పుట్టినప్పుడే రేకు వేస్తారు. మా మామకి కూడా అంత తేలికైన గిటారు లేదు," అని ఉంది. యోసేపు ఆ వాక్యాలని చాలాసార్లు చదివాడు. నబీకి చదువు రాదు కనుక ఉత్తరం చదివి వినిపించే పని అతని మీదే పడింది. ఆ మూడు వాక్యాలూ వదిలేసి చదివాడు. వదిలేసినందువల్ల నబీకి పోయిందేమీ లేదు. ఆ రేకు ఎందుకో వాడికి మొదటి రోజే తెలుసు. పోయింది యోసేపు నిద్రే. ముందుగా ఎంచుకునే హక్కు తనది. అవతలిది ఇంకొకరు లాక్కున్నది కాదు, తనే చేత్తో పక్కకి జరిపింది.

అప్పట్నుంచి యోసేపు ఒక మాట గుండెలో దాచుకున్నాడు. 'ఆ గిటారు నాకొచ్చుంటే.' ఆ మాట పట్టుకునే అయిదేళ్ళు గడిపాడు.

*

యోసేపు ఈర్ష్యకి ఒక కొలత ఉంది. అది అన్నంలో రాళ్ళు.

హన్నమ్మ సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని మర్నాటి బియ్యం చేటలో పోసుకుని ఏరుతుంది. నబీ ఇల్లు వెనక సందులోనే. వాడు కొలిమి ఆర్పేసి, కాళ్ళు కడుక్కుని, పసుపు గిటారు తీసుకున్నాడంటే ఆ చప్పుడు దడి దాటి వచ్చేస్తుంది. హన్నమ్మ చెయ్యి చేటలో ఆగిపోతుంది. మెడ ఒక పక్కకి వాలుతుంది. కాసేపటికి ఆమె వేళ్ళు చేట అంచు మీద టకటకలాడతాయి. మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఒక్కటీ తప్పకుండా. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో యోసేపు వాయించినప్పుడు ఆ వేళ్ళు ఒక్కసారి కూడా అలా ఆడలేదు. అతను వాయిస్తుంటే ఆమె ఇంకా శ్రద్ధగా రాళ్ళు ఏరుకుంటుంది. అందుకని ఏ మధ్యాహ్నమైనా పంటికింద రాయి కటుక్కుమందంటే, నిన్న సాయంత్రం నబీ వాయించాడని అర్థం. ఈస్టరు వారంలో అతని దవడపన్ను ఒకటి అంచు విరిగింది.

"చూసుకుని తినాలి గదయ్యా," అంది హన్నమ్మ.

"చూసుకుని ఏరాలి," అన్నాడు యోసేపు.

"నేను చూస్తూనే ఏరా. వింటూ కూడా ఏరా. అదే వచ్చింది చిక్కు," అంది. దాచుకోను కూడా దాచుకోలేదు.

గుడి పండగకి కూడా అంతే. లోపల పూజలో, కాగితం ముందు పెట్టుకుని యోసేపు వాయిస్తాడు. జనం మోకాళ్ళ మీద కదలకుండా ఉంటారు. దగ్గుకోవాల్సినవాళ్ళు అప్పుడే దగ్గుకుంటారు. పూజ అయి బయటికి వచ్చాక పందిట్లో నబీ వాయిస్తాడు. అక్కడ దగ్గడానికి ఎవరికీ తీరిక ఉండదు. నిరుడు యోసేపు కొత్త ఫాదరు దగ్గరికి వెళ్ళి, గుడి ఆవరణలో ఆ టకటకలు మర్యాదగా లేవని చెప్పివచ్చాడు. ఫాదరు సరేనన్నాడు. నబీ ప్రహరీగోడ అవతల వాయించాడు. జనం గోడ అవతలికి వెళ్ళారు.

ఇలాంటి చిన్న చిన్న పనులు యోసేపు కొన్ని చేశాడు. వాటికి నిద్ర చెడలేదు. వేసవి సెలవులకి ముందు చేసినదానికి చెడింది.

అప్పటికే తిరువూరులో ఇళ్ళలోకి స్టీలు సామాను వచ్చేసింది. కళాయి పూయించేవాళ్ళు తగ్గిపోయారు. నబీకి మిగిలిన పెద్ద పని మిషను హాస్టలు గుండిగలు, ఏడాదికి రెండుసార్లు. హెడ్మాస్టరు మరియదాసు గారు ఒకరోజు వంటగది తాళాలు అడిగి, లోపలికి తొంగిచూసి, "ఏం యోసేపూ, ఈ ఇత్తడివి తీసేసి అల్యూమినియంవి తెప్పిద్దామా? నువ్వేమంటావు?" అన్నారు. అటెండరు అభిప్రాయం ఎవరూ అడగరు. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో అడగడం అదే మొదటిసారి.

"అల్యూమినియమే మంచిదండి. తేలిక. కళాయి గొడవుండదు," అన్నాడు యోసేపు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ మాటని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా అబద్ధం దొరకలేదు. దొరికితే బాగుండేది, దాన్నొక్కదాన్నే ఒప్పుకుని ఊరుకునేవాడు.

*

కొత్త గుండిగలు ఆ మంగళవారం పదకొండు గంటలకి బస్సు టాపు మీద వచ్చాయి. రిక్షాలోంచి దించేటప్పుడు పెద్ద చప్పుడు చేశాయి గాని ఆ చప్పుడు వెంటనే చచ్చిపోయింది. యోసేపు వాటిని ఒకదాని పక్కన ఒకటి వంటగది అరుగు మీద బోర్లించాడు. పాత ఇత్తడివి గోడవారన నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. లోపల పోయినసారి నబీ పూసిన తెల్లటి కళాయి ఇంకా అద్దంలా ఉంది.

ఉప్మా వడ్డనలు అయ్యాక నబీ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. పొట్టిగా, భుజాలు దిట్టంగా ఉంటాడు. ముంజేతుల మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు. గోళ్ళు మాత్రం చూసి తీరాలి. కళాయికి చల్లే నవాసాగరం పొగలో, కొలిమి వేడిలో ఏళ్ళ తరబడి కాగి, ఎద్దు కొమ్ములా పసుపురంగు తిరిగి గట్టిపడ్డాయి. ఏ అగ్గిపెట్టే అక్కరలేని గోళ్ళు. చంకలో, భార్య సుగ్రాబీ పాత చీరలో చుట్టిన పొడుగాటి మూట ఉంది.

వస్తూనే బోర్లించిన కొత్త గుండిగ అడుగున గోళ్ళతో కొట్టి చూశాడు. పన్నెండూ పూర్తి చేశాడు.

"పలకడం లేదన్నా ఇది. అయినా పలకడానికా, వండుకోడానికి గదా. తేలిగ్గా ఉంది."

యోసేపు తాళాలగుత్తిలో ఏదో తాళం వెతకడం మొదలుపెట్టాడు.

"హెడ్మాస్టరుగారు చెప్పారులే," అన్నాడు నబీ. "యోసేపుని అడిగే తెప్పించామన్నారు. ఉన్నమాటే చెప్పావు. ఇత్తడిది దించాలంటే వంటామెకి నడుం విరిగేది."

యోసేపు చేతిలో తాళాలు ఆగాయి.

"నాకో ముక్క ముందే చెప్పుంటే మే నెలలో రెండు బస్తాల బొగ్గులు కొనకపోదును. అంతే. సరేలే, ఆ బొగ్గులు వదినకి ఇచ్చి రమ్మని సుగ్రాబీకి చెప్పా. ఊరికే వానకి తడిసిపోవడమెందుకు?"

వాడి గొంతులో వెతికాడు యోసేపు. ఎక్కడో ఒక చోట ముల్లు ఉండాలి. ఉంటే తానూ ఒక మాట అని, చేతులు దులుపుకోవచ్చు. ముల్లు లేదు. నబీ ఈ ఆరేళ్ళలో తనతో పోటీ పడలేదు. పోటీ ఒకటుందని వాడికి తెలిసినట్టు కూడా లేదు. అది అన్నిటికంటే కష్టంగా ఉంది.

"బెజవాడలో ఏం పని?" అని అడిగాడు.

"బస్సులకి బాడీ కట్టే షెడ్డు. మా బావమరిది అందులోనే ఉన్నాడు. రేకులు కొట్టాలి. కొట్టడం మనకి కొత్తేం కాదుగా!" నవ్వాడు నబీ. తర్వాత చీర మూటని అరుగు మీద పెట్టాడు. "ఇది నీ దగ్గరుంచన్నా."

"నువ్వు తీసుకెళ్ళవా?"

"ఒక్క గది. మేం అయిదుగురం, బావమరిది వాళ్ళు నలుగురు. పిల్లలు తొక్కి చంపేస్తారు దీన్ని. నీ ఇంట్లో అయితే మేకుకి దర్జాగా ఉంటుంది." మూట మీద ఒకసారి అరచెయ్యి పెట్టి తీశాడు. "రెండో తీగ గాలం తీగ. చెరువు దగ్గర చేపలోళ్ళని అడిగి తెచ్చి వేశా. బద్ధకంగా పలుకుద్ది, కాస్త తిట్టి తిప్పాలి. మిగతావి బానే ఉన్నాయి."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"వస్తా," అన్నాడు నబీ. ఎప్పుడో చెప్పలేదు.

యోసేపుకి ఏదో చెప్పాలనిపించింది. "బస్సుకి టైమవుతుందేమో," అన్నాడు.

"అవునన్నా. తిత్తి ఇంకా కట్టలేదు." నబీ వెళ్ళిపోయాడు. యోసేపు వరండాలోకి వచ్చి, గోడగడియారం చూసి, మధ్యాహ్నం బడి గంట సరిగ్గా సమయానికే, ఎడమచేత్తోనే కొట్టాడు.

మూడింటికి నీళ్ళ కుండలు నింపుతుండగా బెజవాడ బస్సు మిషను ముందు నుంచి వెళ్ళింది. టాపు మీద సామాన్ల మధ్య తోలుతిత్తి తాడుతో కట్టి ఉంది. కిటికీలో సుగ్రాబీ, ఆమె ఒళ్ళో చిన్నపిల్ల. నబీ ఇవతలి వైపు లేడు, అవతలి వైపు కూర్చున్నట్టున్నాడు. బస్సు ఎ.కొండూరు దారి పట్టి, గేరు మార్చి, మలుపు తిరిగింది. కుండ నిండి నీళ్ళు యోసేపు పాదాల మీద పడ్డాయి.

*

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. దడి పక్కన రెండు బొగ్గుల బస్తాలు ఆనించి ఉన్నాయి. హన్నమ్మ గుమ్మంలో చేట పెట్టుకుని ఉంది. అతని చంకలో మూట చూసింది, ఏమిటని అడగలేదు.

యోసేపు లోపలికి వెళ్ళి చీర విప్పాడు. పసుపు గిటారు చేతిలోకి తీసుకుంటే, తీసుకున్నట్టే అనిపించలేదు. కుడికాలు ఎడమకాలి మీద వేసుకున్నాడు. గిటారు జారింది. మళ్ళీ సర్దుకున్నాడు. పిడికిలి బిగించి వేళ్ళు విసిరాడు. నాలుగు గోళ్ళూ, ప్రార్థనకి వరసలో వచ్చే పిల్లల్లా, ఒకదాని వెనక ఒకటి ఎడం పాటిస్తూ తీగల మీద నడిచాయి. జల్లు కాదు, హాజరు పిలుపు. మళ్ళీ విసిరాడు. ఒకటి, రెండు, మూడు దగ్గర గట్టిగా, నాలుగు, అయిదు, ఆరు దగ్గర గట్టిగా, ఏడు, ఎనిమిది... ఎనిమిది దగ్గర తడబడ్డాడు. మూడోసారి విసిరినప్పుడు ఉంగరపు వేలి గోరు ఫటుక్కుమని సగానికి విరిగింది. పొద్దున్నే అగ్గిపెట్టె మీద అరగదీసిన గోరు. మళ్ళీ పెరగాలంటే నెల.

కాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, తనకి తెలియకుండానే ఎడమపాదం సుద్దముక్కల పెట్టెని వెతుక్కుంది. వీపు నిటారైంది. మిగిలిన మూడు గోళ్ళతో పొద్దున వాయించిందే వాయించాడు. అయిదేళ్ళు కలగన్న చెక్క మీద, ఆ పాట ఒక్కొక్క తీగా విడివిడిగా, తేటగా, తప్పు లేకుండా పలికింది. అచ్చం పొద్దున్నలాగే. 'ఆ గిటారు నాకొచ్చుంటే' అన్న మాట, ఆ గిటారు వచ్చాక ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

"ఏమన్నా తేడా తెలిసిందా?" అని గుమ్మం వైపు అడిగాడు.

"దేనికి?"

"ఇది నబీ గిటారు."

"అట్టాగా?" హన్నమ్మ చేట కొద్దిగా వెలుతురు వైపు తిప్పింది. "నువ్వు వాయిస్తుంటే నీదే అనుకున్నా."

యోసేపు గిటారుని ఒళ్ళో బోర్లించాడు. తర్వాత, ఆరేళ్ళుగా అడగకుండా ఆపుకున్నది అడిగేశాడు. "వాడు వాయిస్తే చెయ్యి ఆపేసేదానివి."

"ఆపేదాన్ని కాదు, అదే ఆగేది. ఏం చెయ్యను మరి?" ఒక రాయి తీసి పక్కన పడేసింది. "నువ్వు వాయిస్తే రాళ్ళు కనపడతాయి. చెయ్యి నిదానంగా దాని పని అది చేసుకుంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో తిన్న మంచి అన్నమంతా నువ్వు వాయించిన రోజు ఏరినదే."

అది పొగడ్తో కాదో యోసేపుకి అర్థం కాలేదు. ఆమె మొహం చూస్తే తెలుస్తుందేమోనని చూశాడు. ఆమె బియ్యం చూస్తోంది.

"సుగ్రాబీ బొగ్గులు తోలించి పోయింది," అంది కాసేపటికి. "ఎందుకమ్మా అంటే, మా ఆయన ఇమ్మన్నాడొదినా, యోసేపన్న మంచి మాట చెప్పాడంట అంది. ఏం మాటయ్యా అది?"

యోసేపు రెండో తీగ బిరడా తిప్పడం మొదలుపెట్టాడు.

"చెప్పకులే. మరియదాసు గారి భార్య నాకు ఎండాకాలంలోనే చెప్పింది." చేట ఒకసారి ఎగరేసి, పట్టింది. "రెండు బస్తాలు. పొదుపుగా వాడితే సంక్రాంతి దాటుద్ది. అన్నం రోజూ వాటి మీదే వండుతా. రాళ్ళు మాత్రం ఉండవులే, ఇంక చెయ్యి ఆపేవాళ్ళు ఎవరూ లేరుగా. వాయించు, ఇంకో సోలెడు ఉన్నాయి."

ఆమె గొంతులో కోపం లేదు. వెనక సందులో చప్పుడూ లేదు. యోసేపు మూడు గోళ్ళతో మళ్ళీ మొదటినుంచి వాయించాడు. ఆ సోలెడు బియ్యం అయ్యేదాకా వాయించాడు. ఆమె చేట దులిపి లోపలికి వెళ్ళాక లేచి, ఎర్ర గిటారు పక్కన గోడకి ఇంకో మేకు కొట్టి, పసుపుదాన్ని దానికి తగిలించాడు.

హన్నమ్మ దీపం వెలిగించింది. ఆ వెలుతురు పసుపుదాని నోటి కింద ఉన్న తెల్లరేకు మీద పడింది. కోళ్ళు గీరిన వాకిలిలా దాని నిండా ఆరేళ్ళ గోటిగీతలు, గీతల్లో ఇరుక్కుపోయిన తగరపు పొడి సన్నగా మెరుస్తోంది.